దీవిలో తొలి వైద్యులు మీరే

ఏప్రిల్ చివర్లో బడులు మూస్తారనగా హైదరాబాద్ బాచుపల్లిలో పిల్లల డాక్టర్ల దగ్గర మరో రకం రద్దీ మొదలవుతుంది. వచ్చేది జబ్బుపడ్డ పిల్లలు కాదు, ప్రయాణం పెట్టుకున్న తల్లిదండ్రులు. "అండమాన్ వెళ్తున్నాం మేడమ్. చిన్నదానికి రెండున్నరేళ్లు. ఏమేం మందులు పెట్టుకోవాలో రాసివ్వండి" అంటారు. ఒకప్పుడు ఇదే ప్రశ్న తిరుపతి గురించో, ఊటీ గురించో వచ్చేది. ఇప్పుడు శంషాబాద్‌లో విమానమెక్కితే రెండున్నర గంటల్లో దీవుల్లో దిగుతున్నారు. విమానం వద్దనుకున్నవాళ్లు సూర్యలంక తీరానికో, కాకినాడ దగ్గరి హోప్ ఐలాండ్‌కో కార్లలో బయలుదేరుతున్నారు.

వీళ్లలో ఎక్కువమంది హైటెక్ సిటీలోనో, గచ్చిబౌలిలోనో ఉద్యోగాలు చేసేవాళ్లు. రోజూ మియాపూర్ దారి ట్రాఫిక్ దాటుకుని ఇల్లు చేరేసరికి పిల్లలు నిద్రపోయి ఉంటారు. అలాంటివాళ్లు వారం రోజులు పిల్లలతో ఇసుకలో ఆడుకోవాలనుకోవడం నాకు చాలా సంతోషం కలిగించే విషయం. అందుకే వెళ్లొద్దని ఎవరికీ చెప్పను. అడిగిన మందుల చీటీ రాసిస్తాను. దానితోపాటు ఒక మాట కూడా చెబుతాను. దీవి అంటే ఏమిటో తెలుసుకుని వెళ్లండి అని.

బాచుపల్లిలో అపార్ట్‌మెంటు గేటు దాటితే పది నిమిషాల్లో ఏదో ఒక ఆసుపత్రి ఉంటుంది. అర్ధరాత్రి కూడా తెరిచి ఉండే మందుల షాపు ఉంటుంది. పిల్లకు ఒళ్లు కాలితే ఎత్తుకుని కారెక్కడమే మనకు తెలిసిన ప్రథమ చికిత్స. ఈ సౌకర్యం మంచిదే గానీ, దీనివల్ల మొదటి అరగంటలో ఇంట్లోవాళ్లు ఏం చేయాలో నేర్చుకోవడం మానేశాం. 2018లో స్వరాజ్ ద్వీప్‌గా పేరు మారిన హేవ్‌లాక్‌లో ప్రభుత్వ ఆరోగ్య కేంద్రం ఉంది, మంచి సిబ్బంది ఉన్నారు. కానీ పెద్ద వైద్యం కావాలంటే గంటన్నర నుంచి రెండున్నర గంటలు ఓడలో ప్రయాణించి పోర్ట్ బ్లెయిర్‌లోని గోవింద్ బల్లభ్ పంత్ ఆసుపత్రికి రావాలి. ఆ ఊరికి 2024లో శ్రీ విజయపురం అని పేరు పెట్టారు. చీకటి పడితే మామూలు ప్రయాణికుల ఓడలు నడవవు. అంటే ఆ మొదటి అరగంటే కాదు, ఒక్కోసారి మొదటి రాత్రంతా మీరే డాక్టర్లు.

ఈ మాట ఎందుకంటున్నానో చెప్పడానికి నేను చూసిన కొన్ని కేసులు చెబుతాను. ఎవరినీ గుర్తుపట్టే వివరాలు ఇవ్వడం లేదు.

మొదటిది ఒక మూడున్నరేళ్ల పాప. ఓడ కదిలిన కాసేపటికే వాంతులు పట్టుకున్నాయి. ప్రయాణపు వాంతులు రెండేళ్ల లోపు పిల్లల్లో అరుదు, రెండు నుంచి పన్నెండేళ్ల మధ్య ఎక్కువ. పాపను ఓడ మధ్య భాగంలో కూర్చోబెట్టి, ఫోన్లో బొమ్మలు చూపించకుండా దూరంగా ఆకాశం, సముద్రం కలిసే చోటును చూపిస్తే చాలావరకు తగ్గేవి. ఓడ దిగాక కూడా ఆ వాంతులు ఆగలేదు. సాయంత్రానికి విరేచనాలూ తోడయ్యాయి. కడుపులో ఇన్‌ఫెక్షన్ అన్నమాట. తండ్రి షాపుకు పరుగెత్తి డబ్బాలో అమ్మే తియ్యటి పానీయం తెచ్చాడు. అట్ట మీద ఓఆర్‌ఎస్ అనే అక్షరాలున్నాయి. పాప ఇష్టంగా తాగింది. విరేచనాలు ఇంకా ఎక్కువయ్యాయి. మర్నాడు మధ్యాహ్నం వీడియో కాల్‌లో చూశాను. కళ్లు లోతుకు పోయాయి, ఏడుస్తుంటే కన్నీరు రావడం లేదు, పొద్దుటినుంచి మూత్రం పోయలేదు. వెంటనే ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్లమన్నాను. అక్కడి నర్సు "బెంగెట్టుకోకమ్మా" అని శ్రీకాకుళం యాసలో ధైర్యం చెప్పి సెలైన్ పెట్టిందని తల్లి తర్వాత చెప్పింది. 2011 జనాభా లెక్కల్లో అండమాన్ నికోబార్ ప్రజల్లో నూటికి 13 మంది మాతృభాష తెలుగు. వాళ్లలో చాలా కుటుంబాలు శ్రీకాకుళం వైపు నుంచి బతుకుదెరువుకు వెళ్లినవే. పరాయి చోట ఆ తల్లికి సగం భయం పోగొట్టింది ఆ ఒక్క మాటే.

ఆ పాపకు నిజమైన ఓఆర్‌ఎస్ పొడి ప్యాకెట్టు మొదటి సాయంత్రమే దొరికి ఉంటే సెలైన్ అవసరం బహుశా వచ్చేది కాదు. పేగు గోడలో ఉప్పును లోపలికి తీసుకునే ఒక దారి ఉంది. రెండు తాళంచెవులు పడితేనే తెరుచుకునే బ్యాంకు లాకరులా, ఉప్పు, గ్లూకోజ్ రెండూ తగిన పాళ్లలో వస్తేనే అది తెరుచుకుంటుంది. ఉప్పు వెంట నీరు ఒంట్లోకి వస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం లీటరు నీటికి గ్లూకోజ్ 13.5 గ్రాములు, ఉప్పు 2.6 గ్రాములు ఉండాలి. పొటాషియం క్లోరైడ్, సిట్రేట్ కూడా ఉంటాయి. చక్కెర దీనికి మించిపోతే అది పేగులోకే నీటిని లాగుతుంది, విరేచనాలు పెరుగుతాయి. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో సెలైన్ సీసాలు అయిపోతే డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఈ ఉప్పు, గ్లూకోజ్ నీళ్లనే నమ్ముకున్నారు. నూటికి ముప్పై దాకా ఉన్న కలరా మరణాలు నాలుగు లోపుకు పడిపోయాయి. అంత విలువైన పేరును తియ్యటి పానీయాల మీద వేయడం ఆపాలని మన హైదరాబాద్ పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో ఆహార భద్రతా ప్రాధికార సంస్థ అలాంటి పానీయాల మీద ఆ పేరు వాడకూడదని ఆదేశించింది. అయినా ప్యాకెట్టు మీద డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా అని ఉందో లేదో చదివి, ఇక్కడే కొని పెట్టెలో పెట్టుకోండి. ప్యాకెట్టు మీద ఎన్ని నీళ్లు రాసి ఉంటే అన్ని నీళ్లలోనే మొత్తం కలపాలి. వాంతి అయ్యాక పది నిమిషాలు ఆగి, రెండు మూడు నిమిషాలకు ఒక చెంచా చొప్పున పట్టాలి. గ్లాసుడు ఒకేసారి తాగిస్తే బయటికి వచ్చేస్తుంది. ఓపిగ్గా చెంచాతో పట్టే అమ్మమ్మ పక్కనుంటే సగం వైద్యం అయిపోయినట్టే.

రెండో కేసు ఒక రెండేళ్ల బాబుది. దీవిలో రెండో రాత్రి జ్వరం వచ్చి, దానితోపాటు ఫిట్స్ వచ్చాయి. కళ్లు తేలేశాడు, చేతులూ కాళ్లూ కొట్టుకుంటున్నాయి. నానమ్మ తాళంచెవులు తెచ్చి చేతిలో పెట్టబోయింది. మేనత్త పళ్ల మధ్య చెంచా పెట్టమంది. తండ్రి ఇద్దర్నీ ఆపాడు. అంతకు ముందు చలికాలంలో బాచుపల్లిలోనే వాడికి ఒకసారి అలా జరిగింది. అప్పుడు ఏం చేయాలో ఆయన కూర్చుని నేర్చుకున్నాడు. పిల్లాణ్ణి పక్కకు తిప్పి పడుకోబెట్టాడు. నోట్లో ఏమీ పెట్టలేదు. గడియారం చూశాడు. రెండు నిమిషాల్లో ఆగిపోయాయి. ఐదు నిమిషాలు దాటితే ముక్కులో కొట్టాల్సిన స్ప్రే ఆయన చేతికందేలా ఉంది గానీ దాని అవసరం రాలేదు. తర్వాత జ్వరానికి కారణమేమిటో చూపించుకోవడానికి నిదానంగా ఆరోగ్య కేంద్రానికి వెళ్లారు.

ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్లో నూటికి ఇద్దరు నుంచి ఐదుగురికి జ్వరంతో ఫిట్స్ వస్తాయి. ఒకసారి వచ్చినవాళ్లలో దాదాపు మూడో వంతు మందికి మళ్లీ వస్తాయి. చూడటానికి ప్రాణం పోయినట్టుంటుంది గానీ, మామూలుగా వచ్చే ఇలాంటి ఫిట్స్ మెదడుకు హాని చేయవు. హాని చేసేది నోట్లో పెట్టే చెంచా, పోసే నీళ్లు. ఆ తండ్రి చదువుకున్నది కంప్యూటర్లు. ఆ రాత్రి ఆయన చేసింది మాత్రం మా క్యాజువాలిటీలో మేం చేసేదే.

మూడోది చెప్పడం నాకు కష్టం. చెప్పకపోతే ఈ వ్యాసానికి అర్థం లేదు.

ఐదేళ్ల అబ్బాయి. అపార్ట్‌మెంటు స్విమ్మింగ్ పూల్‌లో ఈత నేర్చుకున్నాడు. సముద్రపు ఒడ్డున మోకాలి లోతు నీళ్లలో ఆడుతున్నాడు. రెండు కుటుంబాలు కలిసి వెళ్లాయి, ఒడ్డున పెద్దలు ఆరుగురున్నారు. ఒకరు ఫొటోలు తీస్తున్నారు, ఒకరు కొబ్బరిబోండాలు తెస్తున్నారు, మిగతావాళ్లు ఎవరో ఒకరు చూస్తున్నారులే అనుకున్నారు. అల వెనక్కి పోతూ కాళ్ల కింది ఇసుకను లాగింది. పిల్లాడు పడ్డాడు. కేక లేదు, చేతులు ఊపడం లేదు. నీట మునిగే పిల్లలు సినిమాల్లోలా అరవరు. ఊపిరి పీల్చుకోవడానికే దిక్కులేనప్పుడు కేక ఎలా వస్తుంది? బయటికి తీసేసరికి పెదవులు నీలంగా మారాయి. చుట్టూ చేరినవాళ్లు తలకిందులుగా ఎత్తి తిప్పమన్నారు, పొట్ట నొక్కి నీళ్లు కక్కించమన్నారు. గుంపులోని ఒక పర్యాటకురాలు వాళ్లందర్నీ తోసుకుని వచ్చి, నేల మీద పడుకోబెట్టి నోటితో ఊపిరి పోసింది. పిల్లాడు దగ్గాడు, ఏడ్చాడు. ఒకరోజంతా ఆసుపత్రిలో పరిశీలనలో ఉంచారు. ఊరికి తిరిగొచ్చాక దగ్గు తగ్గిందో లేదో చూపించడానికి నా దగ్గరికి తెచ్చారు. పిల్లాడు బల్ల మీద కూర్చుని స్టెతస్కోపుతో ఆడుకుంటున్నాడు. తల్లి మాత్రం వాడి చొక్కా కొస వదలలేదు.

పూల్‌లో ఈత వచ్చినంత మాత్రాన సముద్రంలో ఈత వచ్చినట్టు కాదు. పూల్‌లో నీరు కదలదు, అడుగు గట్టిగా ఉంటుంది, అంచు చేతికందుతుంది. సముద్రంలో ఈ మూడూ లేవు. చేతులకు తొడిగే గాలి బుడగలు ఆటవస్తువులే, రక్షణ కవచాలు కావు. 2021లో ప్రపంచవ్యాప్తంగా సుమారు మూడు లక్షలమంది నీట మునిగి చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కగట్టింది. అందరికన్నా ప్రమాదంలో ఉన్నది ఒకటి నుంచి నాలుగేళ్ల పిల్లలు. నీళ్ల దగ్గర ఒక పెద్ద మనిషికి అదొక్కటే పని కావాలి. చేయి చాపితే పిల్ల అందేంత దూరంలో ఉండాలి, ఫోన్ ఇంకొకరికి ఇచ్చేయాలి. లేవాలనుకుంటే "ఇక నువ్వు చూడు బావా" అని నోటితో చెప్పి, ఆయన "సరే" అన్నాకే లేవాలి.

మునిగిన పిల్లకు కావలసింది ఊపిరి. ఊపిరితిత్తుల్లోకి పోయిన నీరు తలకిందులుగా తిప్పితే రాదు. పొట్ట నొక్కితే లోపలి అన్నం పైకొచ్చి ఊపిరిగొట్టానికి అడ్డుపడుతుంది. పలకకుండా, ఊపిరి తీయకుండా ఉంటే వెల్లకిలా పడుకోబెట్టి, తల కొద్దిగా వెనక్కి వంచి, ముందు నోటితో ఊపిరి పోయాలి. అప్పటికీ కదలిక లేకపోతే ఛాతీ మధ్యలో, దాని లోతులో మూడో వంతు దిగేలా, నిమిషానికి 100 నుంచి 120 వేగంతో 30 సార్లు నొక్కి, రెండు ఊపిరులు ఇవ్వాలి. సాయం అందేదాకా ఇలాగే చేస్తూ ఉండాలి. ఊపిరి ఆగిన కొద్ది నిమిషాల్లోనే మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. ఆ కొద్ది నిమిషాల్లో దీవిలో డాక్టరు మీ దగ్గరికి రాలేడు. పిల్ల లేచి నవ్వినా సరే ఆసుపత్రిలో చూపించి కొన్ని గంటలు గమనించాలి.

ఇక మిగతావి క్లుప్తంగా చెబుతాను. నైరుతి రుతుపవనాలు కేరళ కన్నా ముందే, మే మూడో వారం ప్రాంతంలో అండమాన్‌ను తాకుతాయి. సరిగ్గా మన వేసవి సెలవుల మధ్యలో అన్నమాట. సముద్రం పోటెత్తితే ఓడలు రద్దవుతాయి. అందుకని ఆస్తమా ఉన్న పిల్లల ఇన్‌హేలర్, స్పేసర్ అనుకున్న రోజులకు కాదు, మరో వారానికి సరిపడా చేతిసంచిలో పెట్టుకోవాలి. పిల్లలున్నవాళ్లు సెలవులు మొదలవగానే వెళ్లి రావడం మేలు. చచ్చిన పగడపు దిబ్బల మీద నడిస్తే పాదాలు కోసుకుంటాయి, ఆ గాయాలు త్వరగా చీము పడతాయి. చెప్పులు వేయండి, కోసుకుంటే శుభ్రమైన నీళ్లు, సబ్బుతో బాగా కడగండి. మొసళ్లున్నాయని బోర్డు పెట్టిన చోట నీళ్లలో దిగకండి, అవి నిజంగా ఉన్నాయి. ఆరు నెలల లోపు పిల్లలకు ఎండకు రాసే క్రీములు వద్దు, నీడే మందు.

తిరిగొచ్చాక రెండు మూడు వారాల్లో జ్వరం వస్తే, ఎక్కడికి వెళ్లొచ్చారో డాక్టరుకు అడక్కముందే చెప్పండి. 1980ల చివర్లో ఉత్తర అండమాన్‌లో రక్తస్రావంతో కూడిన ఒక జ్వరం ప్రాణాలు తీసింది. అది ఏమిటో చాలాకాలం తెలియక అండమాన్ జ్వరమనే పిలిచారు. పరిశోధకులు చివరికి అది ఎలుకల మూత్రం కలిసిన నీటి ద్వారా వచ్చే లెప్టోస్పైరోసిస్ అని తేల్చారు. మొదట్లోనే పట్టుకుంటే మామూలు యాంటీబయోటిక్‌కు లొంగే జబ్బది. పిల్లలు బురదలో ఆడారన్న ఒక్క మాట మాకు దారి చూపిస్తుంది.

రెండో, మూడో కేసుల్లో నాకు కనిపించింది ఒకటే. పిల్లలను కాపాడింది సంచిలోని మందులు కాదు, పక్కనున్న మనిషికి ముందే తెలిసిన విషయం. ఒక తండ్రికి అది తెలుసు. ఇంకో చోట ముక్కూ మొహం తెలియని పర్యాటకురాలికి తెలుసు. ఆమె ఆ రోజు ఆ తీరంలో లేకపోయి ఉంటే ఏమయ్యేదో ఆలోచించడానికి కూడా నాకు ధైర్యం చాలదు. మన పిల్లల ప్రాణాలను అలాంటి అదృష్టానికి వదిలేయకూడదు.

బాచుపల్లి, ప్రగతి నగర్, నిజాంపేట అపార్ట్‌మెంట్ల సంఘాల వారికి నా మనవి. సంక్రాంతి ముగ్గులకు, వినాయక చవితి మండపాలకు మీరు ఎంత చక్కగా ఏర్పాట్లు చేస్తారో నాకు తెలుసు. అలాగే ఏటా మార్చిలో ఒక ఆదివారం పొద్దున మీ క్లబ్‌హౌస్‌లో సీపీఆర్, అంటే పైన చెప్పిన ఊపిరి పోయడం, ఛాతీ నొక్కడం నేర్పే శిక్షణ పెట్టించండి. అమ్మానాన్నలతోపాటు తాతయ్యలు, నానమ్మలు, పిల్లల్ని చూసుకునే ఆయమ్మలు, పూల్ దగ్గర ఉండే గార్డు అందరూ కూర్చోవాలి. రెండు గంటల్లో అయిపోతుంది. ఈ వేసవికి టికెట్లు కొనే ముందు ఆ రెండు గంటలు ఇవ్వండి. తర్వాత నిశ్చింతగా వెళ్లి రండి, పిల్లలకు సముద్రాన్ని చూపించండి.