వేళ్ల మధ్య ఖిలాల్

మా అబ్బా దర్జీ. దేవరాపల్లిలో నలభై ఏళ్లుగా అదే మిషను, అదే కత్తెర. సంక్రాంతి ముందు మా ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండదు. ఊరంతా కొత్త బట్టలు కుట్టించుకునే కాలం అది. ఆ నెల సంపాదనే మాకు రంజాన్ ఖర్చులకీ, ఈద్‌కీ.

అలాంటి ఒక సంక్రాంతి ముందు మిషను సూది విరిగి ఒక ముక్క కింద పడింది. అబ్బాకి ఉత్త కాళ్లతో మిషను తొక్కే ఆదత్. ఆ ముక్క కుడి కాలి రెండో వేలు కింద దిగింది. ఎప్పుడు దిగిందో అబ్బాకి తెలీదు. జిందగీ అంతా సూదితో బతికిన మనిషికి సూది గుచ్చుకున్న సంగతి తెలీలేదు!

తెలిసింది అమ్మీకి. ఇషా అయ్యాక జానమాజ్ మడత పెడుతుంటే పాదాలు ఆనే చోట తడి మరక కనిపించింది. దగ్గరగా చూస్తే చీము.

"ఏమిటండీ ఇది?" అంటే, "కుచ్ నై. చిన్న పుండు. నొప్పి కూడా లేదు. పండగ కుట్లు కానీ, చూపించుకుందాం" అన్నాడట.

పండగ కుట్లు అయ్యాయి. వేలు నల్లబడింది. అప్పుడు విశాఖపట్నం పెద్దాసుపత్రికి తీసుకెళ్లాం. వేలు తీసేశారు. "ఇంకో వారం ఆగితే పాదం పోయేది, అల్లాహ్ దయ" అని అందరూ ఊరడించారు. నాకు మాత్రం డాక్టరమ్మ అడిగిన ఒక్క ప్రశ్న గుండెల్లో దిగబడిపోయింది.

"పన్నెండేళ్లుగా షుగర్ ఉందంటున్నారు. ఈయన పాదాలు రోజూ ఎవరు చూస్తారమ్మా?"

ఎవరూ చూడం. నేను రోజూ ఫోన్ చేసేదాన్ని. "అబ్బా, గోలీ వేసుకున్నావా?" అని అడిగేదాన్ని. "వేసుకున్నా బేటీ" అనేవాడు. నా ఫర్జ్ తీరిపోయిందనుకునేదాన్ని.

డాక్టరమ్మ నైలాన్ దారంలాంటిది ఒకటి తీసి పాదం మీద అక్కడక్కడా ఆనించారు. అది వంగే దాకా నొక్కితే సరిగ్గా పది గ్రాముల ఒత్తిడి పడుతుందట. అబ్బాని కళ్లు మూసుకుని, తగిలినప్పుడల్లా చెప్పమన్నారు. ఆమె ఒక్కో చోటా ఆనించుకుంటూ వెళ్తున్నారు. అబ్బా కళ్లు మూసుకునే అడిగాడు: "ఇంకా మొదలుపెట్టలేదా అమ్మా?"

నేను గోడ వైపు తిరిగాను.

షుగర్ ఏళ్ల తరబడి అదుపులో లేకపోతే పాదాల నరాలు మొద్దుబారతాయి. రక్తం సరిగా అందక పుండు మానదు. నొప్పి లేదని మనం ఖుష్ అవుతాం. కానీ నొప్పి అనేది అల్లాహ్ మన ఒంటికి పెట్టిన చౌకీదారు. వాడు నిద్రపోతే ఇంటివాళ్లే మేలుకోవాలి. అంతకు మించి ఇందులో పెద్ద ఇల్మ్ ఏమీ లేదు.

మాదేమో బెల్లానికి పేరుపడ్డ అనకాపల్లి పక్క ఊరు. షుగర్ అని తెలిసిన రోజే అబ్బా చాయ్‌లో పంచదార మానేసి బెల్లం వేసుకోవడం మొదలుపెట్టాడు. మేమంతా షాబాష్ అన్నాం. డాక్టరమ్మ విని నవ్వలేదు. "రెండూ చెరకు బిడ్డలే బాబూ. రక్తంలోకి వెళ్లాక రెండూ ఒకటే" అన్నారు. పర్హేజ్ చేస్తున్నామనుకుంటూ పన్నెండేళ్లు గడిపాం. "పర్హేజ్ ఇలాజ్ సే బెహతర్" అని మా దాదీ రోజూ అనేది. దేనికి పర్హేజో తెలియాలి కదా.

ఇంటికొచ్చాక నన్ను ఇంకో ఆలోచన పట్టుకుంది. అబ్బా ఐదు పూటల నమాజీ. ప్రతి వజూలో పాదాలు కడుగుతాడు. చిన్నప్పుడు మాకు నేర్పింది ఆయనే. ఎడమ చేతి చిటికెన వేలితో, కుడి కాలి చిటికెన వేలి దగ్గర మొదలుపెట్టి ఎడమ కాలి చిటికెన వేలి దాకా ఖిలాల్ చేయాలి. అంటే ఆ పుండు పక్కనుంచే రోజూ ఆయన వేలు వెళ్లింది. నీళ్లు వెళ్లాయి. చూపు ఒక్కటే వెళ్లలేదు. పైగా తడి కాళ్లతోనే సఫ్‌లోకి పరుగు. వేళ్ల మధ్య తడి ఆరకపోతే చర్మం నాని పగులుతుంది.

పుండు మానే దాకా కట్టు తడపకూడదన్నారు. వజూ ఎలా అని అబ్బా బేచైన్ అయ్యాడు. కట్టు మీద మసహ్ చేస్తే చాలని మా ఇమాం సాబ్ చెప్పాక గానీ కుదుటపడలేదు.

ఆ తర్వాత రంజాన్. షుగర్ ఉన్నవాళ్లు రోజాలు మొదలవడానికి ఆరు నుంచి ఎనిమిది వారాల ముందే డాక్టరును కలవాలట. మందుల వేళలు, మోతాదులు మార్చాలి. రోజాలో షుగర్ 70 కన్నా తగ్గినా, 300 దాటినా వెంటనే ఇఫ్తార్ చేసేయాలి. వేలికి సూది గుచ్చి షుగర్ చూసుకుంటే రోజా పోదు. ఆ ఏడాది అబ్బాని రోజాలు వద్దన్నారు. ఆయన చిన్న పిల్లాడిలా ఏడ్చాడు. "బీమార్లకు రుఖ్సత్ ఇచ్చింది అల్లాహే కదా చాచా, ఆయన ఇచ్చింది కాదంటామా?" అన్నారు ఇమాం సాబ్. ఫిద్యా కట్టాం. సహరీకి మాత్రం మాతోపాటే లేచి కూర్చునేవాడు.

ఇప్పుడు మా ఇంట్లో పద్ధతి మారింది. వజూ చేసే చోట మేకుకి మెత్తటి తువాలు వేలాడుతుంటుంది. వజూ అవగానే అబ్బా వేళ్ల మధ్య అద్దుకుంటాడు. ఇషా వజూ తర్వాత అమ్మీ చిన్న అద్దం తెచ్చి ఆయన అరికాళ్లు చూస్తుంది. ఎరుపు, బొబ్బ, పగులు, వాపు. ఏది కనిపించినా మర్నాడే ఆసుపత్రికి. పాదాలకు కొబ్బరి నూనె రాస్తుంది, వేళ్ల మధ్య మాత్రం రాయదు. గోళ్లు తిన్నగా తీస్తుంది. ఆనెల్ని బ్లేడుతో కోయనివ్వదు. వేడి నీళ్లయితే ముందు తన మోచెయ్యి పెట్టి చూస్తుంది. ఇంట్లో కూడా అబ్బా ఎం.సి.ఆర్ చెప్పులు వేసుకునే మిషను తొక్కుతాడు. వేసుకునే ముందు వాటిని దులుపుతాడు. సాయంత్రం మిషను కింద అయస్కాంతం తిప్పి సూదులు ఏరే డ్యూటీ నా మేనల్లుడిది.

వీటిలో దేనికీ పెద్ద ఖర్చు లేదు. తువాలు, అద్దం, చెప్పులు, రెండు నిమిషాలు.

2023లో ఐసీఎంఆర్ అధ్యయనం మన దేశంలో షుగర్ ఉన్నవాళ్లు పది కోట్లు దాటారని తేల్చింది. వాళ్లలో మీ అమ్మీ ఉండొచ్చు, మీ చాచా ఉండొచ్చు, మీరే ఉండొచ్చు. మనవాళ్లలో చాలామంది "తఖ్దీర్‌లో ఉంటే అవుతుంది" అని ఊరుకుంటారు. ఒంటెను కట్టేసి, ఆ తర్వాత తవక్కుల్ చేయమన్న ప్రవక్త ఉమ్మత్ మనది. మా ఇంట్లో కట్టుతాడు ఆ తువాలే.

ఇప్పుడు ఫోన్ చేస్తే గోలీ సంగతి రెండోది. ముందు "అబ్బా, అమ్మీ కాళ్లు చూసిందా?" అంటాను.

"చూసింది బేటీ. తొమ్మిదీ సలామత్" అంటాడు నవ్వుతూ.

ఈ రాత్రి ఇషాకి మీ పెద్దవాళ్లు వజూ చేస్తున్నప్పుడు ఒక తువాలు పట్టుకుని పక్కన నిలబడండి.