వంద మంది ఉంటేనే రోడ్డు!

అరకు వెళ్ళొచ్చిన ఎవరి ఫోన్ చూసినా అవే ఫొటోలు. అద్దాల రైలు, బొర్రా గుహలు, కాఫీ తోటలు, బొంగులో చికెన్. విశాఖ నుంచి సుమారు 115 కిలోమీటర్ల ఘాట్ రోడ్డు, రీల్స్‌కి సరిపడా మలుపులు. ఆ రోడ్డు వదిలి పక్కదారి పట్టామంటే మాత్రం అది వేరే లోకం.

మేం అనంతగిరి మండలంలో ఓ కొండమీది గూడేనికి బయల్దేరాం. సంత రోజు కాబట్టి షేర్ జీపు దొరికింది. మిగతా రోజుల్లో అదీ ఉండదట. లోపల ఎంతమంది ఉన్నామో లెక్కపెట్టలేం. టాప్ మీద కోళ్ళ గంపలు, వెనక వేలాడుతూ నలుగురు. జీపు ఆగాక రెండు గంటల నడక. ఎక్కుతున్న మాకు తలమీద రాజ్మా మూటలతో దిగుతున్న ఆడవాళ్ళు ఎదురయ్యారు. సంతలో రేటు నచ్చకపోతే మూటని మళ్ళీ కొండెక్కించాలి. అది అయ్యే పని కాదని షావుకారుకీ తెలుసు, అందుకే అతను చెప్పిందే రేటు. రోడ్డు లేకపోవడం అంటే ఆస్పత్రి దూరమవడం ఒక్కటే కాదన్నమాట.

ఆస్పత్రికైతే డోలీయే గతి. గట్టి కర్రకి దుప్పటి ఉయ్యాలలా కట్టి, అందులో మనిషిని పడుకోబెట్టి ఇద్దరు మోస్తారు. భుజం మార్చుకోడానికి వెంట ఇంకో ఇద్దరు. 2018లో ఏజెన్సీకి బైక్ అంబులెన్సులు వచ్చాయి, మంచిదే. కానీ బైక్ ఎక్కగలిగిన చోటు దాకానే కదా!

రోడ్డు ఎందుకు రాలేదంటే సమాధానం జనాభా లెక్కల్లో ఉంది. 2000లో మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజనలో మైదానాల్లో 500 మంది, గిరిజన ప్రాంతాల్లో 250 మంది ఉన్న ఊళ్ళకే అర్హత. తర్వాత మావోయిస్టు ప్రభావిత ప్రాంతాలకి దాన్ని 100కి తగ్గించారు. ఆదిమ తెగల కోసం 2023లో వచ్చిన పీఎం జన్‌మన్‌లోనూ హద్దు వందే. మేం వెళ్ళిన గూడెంలో 17 గడపలు. మనుషులు 80 పైచిలుకు.

పక్క గూడేన్ని కలిపి లెక్కేసుకోవచ్చు అనే రూలూ ఉంది, కొండల్లో నడకదారి కిలోమీటరున్నర లోపు ఉంటే. ఇక్కడ ఆ పక్క గూడెం చేత్తో చూపించేంత దగ్గర, మధ్యలో లోయ. దిగి ఎక్కితే గంట. కాగితం మీద ఏ దూరం రాసుకున్నారో మరి!

ఇంకో విచిత్రం. 2024లో ఆమోదించిన నాలుగో దశకి కూడా ఆధారం 2011 జనాభా లెక్కలే. మాకు దారి చూపించిన కుర్రాడు ఆశ్రమ పాఠశాలలో ఎనిమిదో తరగతి. వాడి తర్వాత చెల్లి, తమ్ముడు. ఆ లెక్కల్లో ముగ్గురూ లేరు.

కదలిక అసలే లేదనలేం. 2025 ఏప్రిల్‌లో రాష్ట్ర ప్రభుత్వం 'అడవితల్లి బాట' మొదలుపెట్టింది. గిరిజన గ్రామాలకి వెయ్యి కిలోమీటర్లకు పైగా రోడ్లు, వెయ్యి కోట్లకు పైగా అంచనా. ఈ గూడెం వైపు మాత్రం మట్టి దారి సగం దాకా తవ్వి ఉంది. రెండు వానాకాలాలకే ఓ చోట గండి పడిందట.

కొత్త జనగణనలో మనుషుల్ని లెక్కించేది 2027 ఫిబ్రవరిలో. అది కొండచీపుర్లు కోసే కాలం. కొందరు కుర్రాళ్ళు అప్పటికి పనుల కోసం పట్నాలకి వెళ్ళిపోతారు. ఆ రోజుల్లో ఊళ్ళో లేనివాళ్ళని వాళ్ళున్న చోటే లెక్కిస్తారు. ఈ సంగతి చెప్తే గూడెం పెద్దాయన కాసేపు వేళ్ళ మీద ఏదో లెక్కేసుకున్నాడు.

"ఆ రాసేవోళ్ళు ఏ రోజొస్తారో ముందుగా చెప్పమను బాబూ. పిల్లల్ని రమ్మని కబురెడతాం. ఫోన్ సిగ్నల్‌కి కిందకి దిగాలి, ఓ రోజు పడద్ది" అన్నాడు.