తండ్రి వృత్తి

మాధవరము పాలకాలనీ దగ్గర మెట్రోరైలు పనులకై రేకులదడి కట్టినప్పుడు మన పిల్లలకు క్రొత్త యాట యొకటి దొరకినది. బడి విడువగనే పరుగెత్తి, రేకుల సందులలో కన్నుంచి లోపలి యంత్రములను చూచుటయే ఆ యాట. 2022 అక్టోబరులో అచ్చట భూమిలోనికి దిగిన సొరంగయంత్రమునకు 'నీలగిరి' యని పర్వతము పేరు పెట్టిరి. అది నేలలోపల పనిచేయును గావున పిల్లల కగపడలేదు. వారు చూచినవి పైన మట్టి నెత్తిపోయు యంత్రములు. ఏ కంపెనీవైనను వానిని మనవారు 'ప్రొక్లెయిను' అనియే పిలుతురు. నిజమునకు అది యొక ఫ్రెంచి కంపెనీ పేరు. 'జె.సి.బి.' యనునదియు నట్టిదే; 1945లో ఇంగ్లండున ఆ కంపెనీని స్థాపించిన జోసెఫ్ సిరిల్ బామ్‌ఫర్డ్ పేరులోని తొలి యక్షరములవి.

ఈ సంగతులు నాకు పుస్తకములలో దొరకినవి. యంత్ర మెట్లు నడచునో మాత్రము మా నాయన చెప్పగా తెలిసినది. ఆ దడి యొద్ద సాయంకాలములందు పిల్లల వెనుక నిలుచుండి, "అదిగో, ఇప్పుడు బూము లేస్తుంది చూడండి" అని ముందుగనే చెప్పుచుండిన ముసలివాడు ఆయనయే.

మాది నెల్లూరు జిల్లా. నాయన మొదట గడ్డపార, పార, తట్ట పట్టినవాడు. కృష్ణాజలమును మద్రాసునకు తెచ్చు తెలుగుగంగ కాలువ పనిలో ఆయన చెమట కొంత కలిసినది. ఆ కాలువ కండలేరు జలాశయమునుండి తమిళనాడు సరిహద్దువరకు 152 కిలోమీటర్లు, అటుపై పూండి జలాశయమువరకు 25 కిలోమీటర్లు. మట్టిపనికి కూలి ఘనపుకొలత ననుసరించి యిచ్చెదరు. అందుకై తవ్వినగోతి నడుమ మట్టిదిమ్మె నొకదానిని కదలింపక విడిచెదరు. దాని యెత్తే తవ్వకపులోతునకు సాక్ష్యము. కొలతకు ముందే ఆ దిమ్మె విరిగినచో దినమంతటి కష్టము తగవులో పడునట. పిమ్మట యంత్రములు వచ్చినవి. నాయన వానికి గ్రీజు పెట్టు హెల్పరుగా చేరి, కొన్నియేండ్లకు ఆపరేటరు కుర్చీలో కూర్చుండెను. మేము మాధవరము చేరితిమి.

1996లో కృష్ణాజలము సరిహద్దు దాటి తమిళనాట ప్రవేశించినది. ఆ యేడు నేను తెలుగు బడిలో ఎనిమిదవ తరగతి చదువుచుంటిని. బడిలో ఒక ఫారము నింపవలసి వచ్చెను. 'తండ్రి వృత్తి' యనుచోట నా స్నేహితురాండ్రు గుమాస్తా యనియు, వ్యాపార మనియు వ్రాసిరి. అంతకు ముందు వారమే ఒక పిల్ల నన్ను "మట్టి తవ్వేవాళ్ళ అమ్మాయి" అని యుండెను. నేను 'కాంట్రాక్టరు' అని వ్రాసి, సంతకమునకై యింటికి తెచ్చితిని.

నాయనకు తెలుగు చదువుట వచ్చును. ఆయన ఆ ఫారమును దీపముక్రింద పెట్టి, పైనుండి క్రిందివరకు నిదానముగా చదివెను. చేతివ్రేళ్ళ గ్రీజుమరక కాగితమున కంటకుండ తువాలుతో తుడుచుకొని సంతకము చేసెను. ఒక్క మాటయు ననలేదు. తిట్టినచో నేను మరచిపోయి యుందునేమో.

మా తమ్ముడు చదువుకొని, అమెరికాలో పోర్ట్‌లండు నగరమున కంప్యూటరు ఉద్యోగములో చేరెను. 2019 మే నెలలో నాయనను వెంటబెట్టుకొని నేనచ్చటికి వెళ్ళితిని. కొలంబియా నదికి ఆవలియొడ్డున వాంకూవరు అను ఊరు కలదు. కెనడాలోని పెద్దనగరము కాదు. ఇది వాషింగ్టను రాష్ట్రములోనిది. అచ్చట మట్టిపనుల కాంట్రాక్టు చేయు నట్టర్ అను కుటుంబమువారు ఆరంభించిన 'డోజర్ డే' యను వేడుకకు తమ్ముడు మమ్ము తీసికొనిపోయెను. అది పిల్లలు తల్లిదండ్రులతో వచ్చి నిజమైన బుల్డోజర్లను, ఎక్స్‌కవేటర్లను నడపి చూచు దినము. ప్రవేశమునకు రుసుము తీసికొనుచుండిరి. వచ్చిన సొమ్ము పిల్లలకు తోడ్పడు ధర్మసంస్థలకు పోవునని తమ్ముడు చెప్పెను.

ప్రతి యంత్రము ముందును బారులు తీరియుండిరి. పసుపుపచ్చని ప్లాస్టికు టోపీలు పెట్టుకొన్న బిడ్డలు, వారిని భుజములపై మోయుచున్న తండ్రులు! మా నాయన యేండ్లకొలది నడుమునొప్పితో కూర్చుండిన ఆ కుర్చీలో తమ బిడ్డను క్షణకాలము కూర్చుండబెట్టుటకై వారు ఎండలో ఎంతోసేపు నిలిచియుండిరి. నాకు మొదట నవ్వు వచ్చినది. పిదప నవ్వలేకపోతిని. ఆ దేశమున ఈ పనికి మంచి జీతమట. గౌరవము జీతము వెంటనే వచ్చునో, వేరుగా వచ్చునో నాకు తెలియదు.

మన మైదానమున ఇట్టి వేడుక జరుపుట అసాధ్యమా యని అప్పుడే యనిపించెను. యంత్రములు మన వీధిలోనే నడచుచున్నవి. వానిని నడపువారిలో మీ యిండ్లలోని తండ్రులును, మేనమామలును ఉన్నారు. ఒక ఆదివారము రెండు యంత్రము లుండిన చాలును. వచ్చిన డబ్బు ఫీజు కట్టలేని బిడ్డ కొకనికి చాలినను మేలే.

తమ్ముని కుమారునికి ఆరేండ్లు. వాని వంతు వచ్చెను. శిక్షితుడైన ఆపరేటరొకరు వానిని ప్రక్కన కూర్చుండబెట్టుకొనెను. ఎక్స్‌కవేటరునకు రెండు చేతులకు రెండు కర్రలు. సాధారణముగా ఎడమకర్ర యంత్రమును గుండ్రముగా త్రిప్పి, మోచేయివంటి భాగమును చాచును, ముడుచును. కుడికర్ర బూమును, బకెట్టును ఆడించును. వాడు ఉత్సాహమున రెండింటిని ఒకేమారు లాగగా బకెట్టు గాలిలో ఊగినది. దడి కీవల నిలిచిన నాయన, తనకు తెలియకయే కాబోలు, చేయి చాచి బొటనవ్రేలు క్రిందికి చూపెను. ఆపై రెండవ అరచేతిని దానిపై నిశ్చలముగా నుంచెను. 'బూము దించు, మెల్లగా' అని దాని యర్థము. లోపలి ఆపరేటరు అది చూచి, తల యూచి, పిల్లవాని చేయి పట్టుకొని అట్లే దించెను.

వంతు ముగిసినపిదప యంత్రము నాపి, ఆయన మాయొద్దకు వచ్చి, నాయనను చూపుచు తమ్మునితో ఇంగ్లీషున ఏమో అడిగెను. ఈయన ఏమి పని చేసెడివాడని ప్రశ్న. తమ్ముడు క్షణమాత్రము తటపటాయించి, "రిటైర్డ్" అని మొదలిడెను.

"ఆపరేటర్" అంటిని నేను, కొంచెము గట్టిగానే.

ఆ మాట నాయనకు తెలియును. అది ఇంగ్లీషున నేమి, నెల్లూరున నేమి, ఒక్కటే. ఆయన నావైపు తిరిగి ఒక్కమారు చూచెను. ఫారము సంగతి జ్ఞాపకము వచ్చినదో లేదో నేనడుగలేదు. మరల యంత్రమువైపు చూచి, నాతో ననెను:

"బకెట్టు పిన్నుకి గ్రీజు లేదమ్మా. ఇందాకట్నించి ఏడస్తా ఉండాది. చెప్పమను ఆయనకి."

తమ్ముడు చెప్పెను. ఆ ఆపరేటరు బకెట్టు దగ్గర వంగి చూచి, పెద్దగా నవ్వి, లోపలినుండి గ్రీజుగన్ను తెచ్చి మా నాయన చేతికిచ్చెను.