ఉనుక కాలితే జాగ మిగుల్తది

రామప్ప గుడి గురించి ఎవరితో మాట్లాడినా మొదట వచ్చే మాట ఒకటే, అక్కడి ఇటుకలు నీళ్లలో తేలుతయి అని. మా జనగామలో అయితే వెంటనే "ఆ రహస్యం వాళ్లతోనే పోయింది" అని కూడా అంటారు. ఆ రెండో మాట నాకు నచ్చదు. రహస్యం అనేశాక ఇంక అడగడానికి ఏముంటుంది?

గుడి ఉన్నది పాలంపేటలో. ఇప్పుడు ములుగు జిల్లా, 2019 ఫిబ్రవరి దాకా భూపాలపల్లి జిల్లా. కాకతీయ గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు కట్టించాడు, శాసనం 1213 నాటిది. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది. గోడలు ఇసుకరాయి, చెక్కిన స్తంభాలు, దూలాలు గ్రానైటు, డోలరైటు. పైన విమానం మాత్రం తేలిక ఇటుకలతో కట్టారు, కింద రాయి మీద బరువు తగ్గాలని.

ఇటుక తేలడం వెనక ఉన్నది ఇంటర్ ఫిజిక్సే. ఒక ఘనపు సెంటీమీటరు నీళ్ల బరువు 1 గ్రాము. లోపల గాలి అసలు లేకపోతే కాల్చిన మట్టి సుమారు 2.6 గ్రాములు ఉంటుంది. తేలాలంటే మొత్తం ఇటుక సగటు 1 కన్నా తగ్గాలి. లెక్క వేసి చూడండి, ఇటుకలో 60 శాతం పైనే ఖాళీ ఉండాలి. అంత ఖాళీ పెట్టుకొని కూడా పై వరుసల బరువు మోయాలి. తేలడం కన్నా నాకు ఇదే గొప్పగా అనిపిస్తుంది.

మరి ఆ ఖాళీ ఎట్లా వచ్చింది? అమ్మమ్మ వాళ్లది మహబూబాబాద్ దగ్గర ఊరు, ఇల్లు గూనపెంకులది. పెంకుల మట్టిలో ఉనుక (మీ దగ్గర ఊక అంటారేమో) ఎందుకు కలిపేవాళ్లని ఫోన్ చేసి అడిగాను.

"ఎండేటప్పుడు పగలొద్దని, బిడ్డా."

"మరి కాలిస్తే ఉనుక ఏమైతది అమ్మమ్మా?"

"ఏమైతది, కాలిపోతది. దాని జాగ మిగుల్తది."

పోరోసిటీకి డెఫినిషన్ నేను ఇంగ్లిష్‌లో రెండుసార్లు బట్టీ పట్టాను. ఇంత సూటిగా ఎక్కడా లేదు.

రామప్ప ఇటుకలో ఉన్నదీ ఉనుకేనా, రంపపు పొట్టా, లేక మట్టే వేరా? అది కథలతో తేలదు, ఇటుకనే అడగాలి. చిన్న ముక్కను 0.03 మిల్లీమీటర్ల మందానికి అరగదీసి మైక్రోస్కోప్ కింద పెడితే రంధ్రాల ఆకారం కనిపిస్తుంది. ఉనుకలో సిలికా ఎక్కువ కాబట్టి కాలిపోయాక కూడా దాని గుర్తు మిగిలే అవకాశం ఉంది. ఎక్స్‌రే డిఫ్రాక్షన్‌తో ఏ ఖనిజాలు మిగిలాయో చూస్తే బట్టీ ఎంత వేడెక్కిందో అంచనా వేయొచ్చు. గ్రీకు గుళ్ల పైకప్పు పెంకుల మీద పరిశోధకులు చేసే పని ఇదే. కొరింత్ పెంకులు డెల్ఫీ దాకా వెళ్లాయి కదా, పెంకు ఏ ఊరి మట్టితో చేసిందో మట్టినిబట్టే పట్టుకుంటారు.

తేలే ఇటుకలు మనకొక్కరికే ఉన్నాయని కూడా అనుకోవద్దు. గ్రీకు ఊరు పిటానేలో ఇటుకలు ఆరాక నీళ్లలో తేలుతాయని రోమన్ వాస్తుకారుడు విట్రూవియస్ రెండు వేల ఏళ్ల కిందటే రాశాడు. అక్కడి మట్టి ప్యూమిస్ రాయిలాంటిదని కారణం కూడా చెప్పాడు. అంటే అక్కడ ఖాళీ మట్టిలోనే ఉంది, ఎవరూ ఏమీ కలపనక్కర్లేదు. మన వాళ్లు కలిపి, కాల్చి తెచ్చి ఉంటే అది పనితనం. అందుకే ఈ ప్రశ్న నన్ను వదలట్లేదు.

ఇంకో సంగతి, ఎంతసేపు తేలింది అని ఎవరూ అడగరు. రంధ్రాలు ఒకదానితో ఒకటి కలిసి ఉంటే నీళ్లు దూరి కాసేపటికి ఇటుక మునగాలి. మూసుకొని ఉంటే తేలుతూనే ఉంటుంది. దసరాకు ఊరెళ్లినప్పుడు అమ్మమ్మ ఇంటి పెంకు ఒకటి బకెట్లో వేశాను. వెంటనే మునిగింది. రాత్రంతా నానబెట్టి కాటా మీద తూస్తే బరువు పెరిగింది. పెరిగినంతా రంధ్రాల్లోకి దూరిన నీళ్లే.

గుడి ఇటుకను ముట్టుకునే హక్కు మనకు లేదు, ఉండకూడదు కూడా. పెంకులైతే చేతిలో ఉన్నాయి, కానీ ఎన్నాళ్లు? ఎండాకాలంలో మామయ్య వాటిని దించి స్లాబ్ వేయిస్తాడట. ఆ ఊర్లో గూనపెంకులు చేసేవాళ్లు ఇప్పుడు ఎవరూ లేరు. పది పెంకులు పక్కన పెట్టమని మామయ్యకు చెప్పాను. మట్టి ఏ చెరువుదో అమ్మమ్మ చూపించింది, ఒక డబ్బాడు తెచ్చి హాస్టల్ మంచం కింద పెట్టాను. మెకానికల్ బ్లాక్‌లో ఫర్నేస్ ఉందట. సీఎస్‌ఈ వాళ్లను లోపలికి రానిస్తారో లేదో సోమవారం అడగాలి.