చమ్డీ ఆప్‌కీ, హడ్డీ హమారీ

తోలు మీది, ఎముకలు మావి! మసీదు మక్తబ్‌లో నన్ను వదిలిన రోజున అబ్బా ఉస్తాద్ సాబ్‌తో అన్న మాటిది. ఆయన దాన్ని అక్షరాలా పాటించారు. అలీఫ్, బే కంటే ముందు నాకు చింతబరికె తెలిసింది. ఖాయిదాలో ఒక్క జేర్ తప్పితే అరచేతులు వాచిపోయేవి. ఏడుస్తూ ఇంటికొస్తే అమ్మీ, "ఉస్తాద్ కొట్టిన చోట దోజఖ్ మంట అంటదు బేటా" అనేది. నమ్మాను. వీధిలో ఆయన ఎదురైతే మాత్రం పక్క సందులోకి పారిపోయేవాణ్ణి. దాన్నే మావాళ్లు అదబ్ అన్నారు.

మొన్న నా కూతురు ఫోన్‌లో సబఖ్ అప్పజెబుతూ మధ్యలో ఆగి, "దీనికి అర్థమేంటి ఆపా?" అనడిగింది. నా గుండె ఝల్లుమంది. ఆపా నవ్వి, "నాకూ సరిగా తెలీదు, చూసి రేపు చెబుతా" అంది. తెలీదనే ఉస్తాద్‌ని నేనెన్నడూ చూడలేదు.

గౌరవం పోయిందని పెద్దలు వాపోతున్నారు. ఏ గౌరవం? కొట్టి చదువు చెబితే పిల్లలు అబద్ధాలకు అలవాటుపడతారని 1377లోనే ఇబ్న్ ఖల్దూన్ 'ముఖద్దిమా'లో హెచ్చరించాడు. గజాలీ ఉస్తాద్‌ని తండ్రితో పోల్చాడు. వీళ్లు మనవాళ్లు కారా? బళ్లో కొట్టకూడదన్న 2009 విద్యాహక్కు చట్టం నుంచి 2012 సవరణ మదర్సాలనూ వేదపాఠశాలలనూ కలిపే పక్కన పెట్టింది. అక్కడ మాత్రం మన పిల్లాడూ వాళ్ల పిల్లాడూ ఒక్కటే!

అయితే, నాకు జ్వరమొస్తే ఇంటికొచ్చి దువా చదివి ఊదింది కూడా ఆ ఉస్తాద్ సాబే. మా ఆపా పరదా మనిషి. నా కూతురికి ఆమె గొంతే తెలుసు. వీధిలో ఎదురైనా గుర్తుపట్టలేదు.