కోనసీమలో టెలిస్కోపు పెడితే...

అమలాపురంలో అబ్జర్వేటరీ ఏంటి బాబూ అని మా ఆఫీసులో నవ్వారు. నవ్వడంలో న్యాయం ఉందనుకోండి. కొండ లేదు, గాలి నిండా తేమ, ఎటు చూసినా కొబ్బరిచెట్లు. ధ్రువనక్షత్రం మాకు పదహారున్నర డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది, అంటే ఎప్పుడూ ఏదో ఒక కొబ్బరిమట్ట వెనకాలే. పరిశోధనలకి ఇది చోటు కాదు, నిజమే. కానీ జనానికి శని వలయాలు చూపించడానికి కొండెందుకండీ? గ్రహాలు ఇక్కడ నడినెత్తికి దగ్గరగా వెళతాయి. రాజోలులోనో కొత్తపేటలోనో ఓ హైస్కూలు గ్రౌండు చాలు.

నా పేచీ చెట్లతో కాదు, మెట్లతో.

1840లో విశాఖలో గోడే వెంకట జగ్గారావు గారు, 1901లో హైదరాబాదులో నవాబ్ జఫర్ జంగ్ గారు సొంత డబ్బుతో అబ్జర్వేటరీలు పెట్టారు. అప్పుడు చక్రాల కుర్చీ గురించి ఎవరూ ఆలోచించలేదంటే సరే. ఇప్పుడు 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఉంది కదా! అయినా మనవాళ్ళకి టెలిస్కోపు అనగానే డాబానే గుర్తొస్తుంది. నిజానికి డాబా దండగ. పగలంతా కాగిన శ్లాబు రాత్రి సెగలు కక్కుతుంది, ఎవరు నడిచినా బొమ్మ వణుకుతుంది. నేల మీదే పెట్టి, పట్టాల మీద పక్కకి జరిగే కప్పు వేసుకోవచ్చు. (1996 తుపాను చూసినవాళ్ళం, ఆ కప్పుని గట్టిగా కట్టెయ్యాలని వేరే చెప్పక్కర్లేదు.)

ఇక వరద. గోదారికి భయపడి మావైపు నేల మూడడుగులు లేపి కడతారు. ఒకటికి పన్నెండు చొప్పున ర్యాంపు 36 అడుగులు, మధ్యలో ఆగే చోటు అదనం. ఇంజినీరు గారు "స్థలం చాలదండీ" అంటారు. రెండు కొబ్బరిచెట్లు తక్కువ వేస్తే చాలుతుంది.

సరే, లోపలికొచ్చాం. తీరా ఐపీస్ ఎక్కడ? అద్దాల టెలిస్కోపైతే చాలావాటికి గొట్టం పైచివర, నిచ్చెనెక్కాలి. కటకాలదైతే కిందిచివర, నడినెత్తిన ఉన్నదాన్ని చూడాలంటే నేలకి వంగాలి. దీనికి 19వ శతాబ్దంలోనే జేమ్స్ నాస్మిత్ అనే ఇంజినీరు మందు కనిపెట్టాడు. గొట్టం ఏ ఇరుసు మీద పైకీ కిందకీ ఊగుతుందో, ఆ ఇరుసులోంచే వెలుగుని చిన్న అద్దంతో పక్కకి పంపాడు. గొట్టం ఎటు లేచినా ఐపీస్ ఎత్తు మారదు. దర్జాగా కూర్చుని చూసేవాడు. టెక్సాస్‌లోని మెక్‌డొనాల్డ్ అబ్జర్వేటరీలో చక్రాల కుర్చీవాళ్ళని దృష్టిలో పెట్టుకుని చేసిన రెన్-మార్కారియో టెలిస్కోపు ఉంది. కావలసిందల్లా ఐపీస్ కింద మోకాళ్ళకి ఖాళీ, కుర్చీ తిరగడానికి చుట్టూ ఐదడుగుల చదును నేల.

"ఇంత గొడవెందుకు, కెమెరా తగిలించి టీవీలో చూపిస్తే పోలా?" అన్నాడో మిత్రుడు. 1986లో హేలీ తోకచుక్కొచ్చినప్పుడు మా వీధంతా డాబాలెక్కింది. పోలియో వచ్చిన మా పెద్దమ్మ కొడుకు కింద అరుగు మీద కూర్చుని "ఎలా ఉందిరా?" అని అడుగుతుంటే, పైనుంచి మేం కేకలేసి చెప్పాం. టీవీ అంటే అదే, కాస్త మంచి బొమ్మతో.

ఐపీస్ మూడున్నర అడుగుల ఎత్తులో ఉంటే పిల్లలకీ, మోకాళ్ళ నొప్పుల మామ్మలకీ కూడా అందుతుంది. నిలబడి చూసేవాళ్ళకి ఓ స్టూలు వేద్దాం.