సుద్ద మెట్టల మీద నడక

ఇంగ్లండ్‌లోని విల్ట్‌షైర్ కౌంటీకి వెళ్ళేవాళ్ళలో చాలామంది స్టోన్‌హెంజ్ దగ్గర బస్సు దిగుతారు. తాడుకు ఇవతల నిలబడి రాళ్ళను ఫొటో తీసుకుంటారు. మళ్ళీ బస్సెక్కేస్తారు. అదేం తప్పు కాదు. కాకపోతే అక్కడికి ఉత్తరాన, ముప్పై కిలోమీటర్ల లోపే, ఏవ్‌బరీ అనే చిన్న ఊరుంది. ప్రపంచంలోకెల్లా పెద్ద రాతివలయం అక్కడే ఉంది. రాళ్ళు చూడటానికి టికెట్ అక్కర్లేదు, తాడూ లేదు. పెద్ద రాయికి వీపు ఆనించి కూర్చోవచ్చు. పక్కన గొర్రెలు మేస్తుంటాయి.

విచిత్రమేమిటంటే, ఊరు ఆ వలయం లోపలికే చొరబడిపోయింది. రోడ్డు వలయాన్ని చీల్చుకుంటూ పోతుంది. ‘రెడ్ లయన్’ అనే పబ్ కూడా లోపలే ఉంది. నాలుగున్నర వేల ఏళ్ళ నాటి రాళ్ళ మధ్య కూర్చుని బీరు తాగడం అక్కడివాళ్ళకు మామూలు విషయం. 1649లో జాన్ ఆబ్రీ అనే పండితుడు వేటకు వచ్చి ఈ వలయాన్ని ‘కనిపెట్టాడు’. ఆ రాళ్ళ మధ్యే పుట్టి పెరిగిన ఊరివాళ్ళకు ఈ మాట ఎలా వినిపించి ఉంటుందో!

ఊరివాళ్ళు ఆ రాళ్ళతో అన్నివేళలా మర్యాదగా ఉన్నారనీ చెప్పలేం. మధ్యయుగంలో కొన్నింటిని గోతులు తీసి పాతేశారు. పద్దెనిమిదో శతాబ్దంలో ఇళ్ళకు రాయి కావాల్సి వచ్చి, మంట పెట్టి కాల్చి, చన్నీళ్ళు పోసి, సమ్మెటలతో పగలగొట్టారు. విలియం స్టూక్లీ అనే పురావస్తు పరిశోధకుడు ఆ విధ్వంసాన్ని కళ్ళారా చూసి, బాధపడుతూనే బొమ్మలతో సహా నమోదు చేశాడు. తర్వాత 1930లలో మార్మలేడ్ వ్యాపారంలో సంపాదించిన కుటుంబానికి వారసుడైన అలెగ్జాండర్ కైలర్ ఇక్కడి స్థలాలు కొని, పాతిన రాళ్ళను తవ్వించి నిలబెట్టాడు. 1938లో ఒక రాయి కింద మనిషి అస్థిపంజరం బయటపడింది. పక్కన కత్తెర, పద్నాలుగో శతాబ్దం తొలినాళ్ళ నాణేలు. ఊళ్ళు తిరుగుతూ క్షవరం, వైద్యం రెండూ చేసే మనిషై ఉంటాడనీ, రాయిని పాతబోతూ దాని కిందే నలిగిపోయాడనీ చాలాకాలం చెప్పుకున్నారు. ఎముకలను మళ్ళీ పరీక్షించాక ఆ కథ మీద అనుమానాలు వచ్చాయి.

ఏవ్‌బరీని అంతటితో వదిలేస్తే సగమే చూసినట్టు. ఊరి నుంచి రెండు వరుసల రాళ్ళ మధ్యగా దక్షిణానికి నడక మొదలుపెడితే, ఒక మలుపు తిరగగానే సిల్బరీ కొండ ఎదురవుతుంది. కొండ అనడం మన అలవాటు గానీ, అది మనుషులు పోసిన దిబ్బ. దాదాపు 30 మీటర్ల ఎత్తు, సుమారు అయిదు లక్షల టన్నుల సుద్ద, మట్టి. క్రీ.పూ. 2400 ప్రాంతంలో జింక కొమ్ములతో తవ్వి, మోసి పోశారు. ఇంత కష్టపడ్డారంటే లోపల ఏ రాజో, ఏ బంగారమో ఉండి తీరాలని తరువాతివాళ్ళ నమ్మకం. 1776లో పైనుంచి నిలువునా గొయ్యి తవ్వారు. 1849లో పక్కనుంచి సొరంగం వేశారు. 1968లో బీబీసీ టీవీ కోసం ఇంకోటి. సమాధీ లేదు, బంగారమూ లేదు. ఆ తవ్వకాల పుణ్యమా అని 2000లో శిఖరం కుంగింది. 2007లో ఆ బొరియల్లో మళ్ళీ సుద్దే కూరాల్సి వచ్చింది. ఇప్పుడు పైకి ఎక్కనివ్వరు.

ఎదుటి మెట్ట మీద వెస్ట్ కెన్నెట్ సమాధి ఉంది. నూరు మీటర్ల పొడవు. లోపల రాతి గదుల్లో ముప్పై ఆరు మంది దాకా మనుషుల ఎముకలు దొరికాయి. దీన్ని క్రీ.పూ. 3650 ప్రాంతంలో కట్టారు కాబట్టి, సిల్బరీ దిబ్బ లేచేనాటికే ఇది వెయ్యేళ్ళు దాటిన పాతది. ఈ వరస కారులో తిరిగితే అందదు. ఒకచోట నిలబడితే ఇంకోటి కనబడటం, నాలుగడుగులు వేసేసరికి మెట్ట చాటుకు పోవడం, అదంతా కాళ్ళకు తెలియాల్సిందే.

నడవడానికి దారి ఎలా దొరుకుతుందన్నది ఇంకో కథ. ఆ సమాధికి వెళ్ళేది పొలాల మీదుగానే. 1949 చట్టం ప్రకారం ఇంగ్లండ్ కౌంటీలన్నీ తమ కాలిబాటలకు అధికారిక పటాలు తయారుచేయాల్సి వచ్చింది. పటంలో గీత ఉంటే చాలు, పొలం ఎవరిదైనా నడిచే హక్కు అందరిదీ. పొలం నడిమి బాటను దున్నుకోవచ్చు గానీ, మొదటి దున్నకం తర్వాత పద్నాలుగు రోజుల్లో కనీసం మీటరు వెడల్పున మళ్ళీ సరిచేసి ఇవ్వాలి. ఆబోతుల సంగతీ చట్టంలోనే ఉంది. పాడి జాతుల ఆబోతు పది నెలలు దాటితే బాట ఉన్న పొలంలో వదలకూడదు. మాంసం జాతులదైతే పక్కన ఆవులుంటే వదలవచ్చు. ఆవులు తోడుంటే అది కాస్త నెమ్మదిగా ఉంటుందని లెక్క. ఎదురుగా వస్తున్న ఆబోతు ఏ జాతిదో గుర్తుపట్టే బాధ్యత మాత్రం నడిచేవాడిదే.

ఈ మెట్టల నిండా సార్సెన్ అనే గట్టి ఇసుకరాయి బండలు చెల్లాచెదురుగా పడి ఉంటాయి. దూరం నుంచి చూస్తే పడుకున్న గొర్రెల్లా ఉంటాయి. స్టోన్‌హెంజ్ పెద్ద రాళ్ళు కూడా సార్సెన్‌లే. అవి ఎక్కడివో 2020లో తేలింది. 1958 మరమ్మతుల్లో ఒక రాయిలోంచి తీసిన సన్నని ముక్కను, ఆ పని చేసిన ఉద్యోగి ఒకరు జ్ఞాపకంగా దాచుకుని 2018లో తిరిగిచ్చారు. దాన్ని పరీక్షించి పోల్చి చూస్తే, మిగిలి ఉన్న 52 సార్సెన్‌లలో 50 ఒకే చోటివని లెక్క తేలింది. ఆ చోటు మార్ల్‌బరా ఊరి పక్కనున్న వెస్ట్ వుడ్స్ అడవి. ఏటా వసంతంలో నీలం రంగు బ్లూబెల్ పూలు చూడటానికి జనం వెళ్ళేది అక్కడికే.